మనము గెలిచితిమి, వారు ఓడిరి

పాఠ్యభాగము: 2 సమూయేలు 15వ అధ్యాయము మొదలుకొని 20:2 వరకు
పాఠ్యాంశము: ఓటమి దినమందు నిలుచు స్నేహము



ఈ నెల పాఠము ఆటలను గూర్చియు, ఆటలు చూచు జనమును గూర్చియు వ్రాయబడినది. సంఘ పత్రికలో ఆటల సంగతి ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. పౌలు భక్తుడు కొరింథు సంఘమునకు బోధించునప్పుడు పందెపు రంగములో పరుగెత్తువారిని మాదిరిగా చూపెను (1 కొరింథీ 9:24-27). మన పిల్లలు వేసవి వచ్చినది మొదలు రాత్రి పదకొండు గంటల వరకు ఫోనులో క్రికెటు చూచుచున్నారు. వారు చూచుచున్న దానినే చేతపట్టుకొని మాటలాడిన యెడల వారు వినెదరు. ఈ పాఠము చదువుటకు ముందు పైన చూపిన అధ్యాయములను ఇంటిలో ఒకసారి బిగ్గరగా చదువుకొనుడి.

1. రెండు విధముల జనము

ఏ జట్టుకైనను వెంబడించువారు రెండు విధములుగా నుందురు. జట్టు గెలుచుచున్నప్పుడు వచ్చి, ఓడగానే పోవువారు ఒక విధము. గెలిచినను ఓడినను ఉండువారు రెండవ విధము. మొదటివారికి అమెరికా దేశములో ఒక పేరు కలదు. పూర్వము అక్కడ సర్కసు ఊరేగింపులలో వాద్యగాండ్రను ఎక్కించుకొని ముందు నడచు పెద్ద బండి యుండెడిది. ఎన్నికల దినములలో గెలుచునట్లు కనబడిన అభ్యర్థి బాజా బండి మీదికి జనులు ఎగబ్రాకుదురని పరిహాసముగా చెప్పుకొనిరి. అది మొదలుకొని గెలుపును చూచి చేరువారిని బాజా బండి ఎక్కినవారు అనుచున్నారు. ఏ ఎండకా గొడుగు పట్టువాడని మనము అనుటయు ఇట్టిదే.

ఈ రెండు విధములవారిని ఎట్లు గుర్తుపట్టుట? 1976వ సంవత్సరములో రాబర్ట్ చాల్దీనీ అను అమెరికా పండితుడును అతని సహచరులును ఒక పరిశోధనను ప్రచురించిరి. అక్కడి విశ్వవిద్యాలయముల ఫుట్‌బాలు జట్లు శనివారము ఆడును. సోమవారము తరగతిలో ఎందరు విద్యార్థులు తమ విద్యాలయపు పేరుగల చొక్కాలు తొడుగుకొని వచ్చిరో వారు లెక్కపెట్టిరి. జట్టు గెలిచిన వారములో అట్టి చొక్కాలు ఎక్కువగా కనబడెను. తరువాత విద్యార్థులను ఆటను గూర్చి ఫోనులో ప్రశ్నించిరి. గెలిచిన ఆటను చెప్పునప్పుడు ‘మనము గెలిచితిమి’ అను మాట ఎక్కువగా వచ్చెను. ఓడిన ఆటను చెప్పునప్పుడు ‘వారు ఓడిరి’ అను మాట వచ్చెను. జట్టు ఒక్కటే, చెప్పిన నోరు ఒక్కటే. గెలుపునాడు ‘మనము’ అయినది ఓటమినాడు ‘వారు’ అయినది.

ఈ చిన్న మాటనే మనము ఈ పాఠములో పట్టుకొందము.

2. హైదరాబాదు ఫుట్‌బాలు జట్టు కథ

మనకు 100 కిలోమీటర్లు దాటి దూరము లేని హైదరాబాదు ఒకప్పుడు ఫుట్‌బాలుకు పేరుపొందిన నగరము. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచెను. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు వృత్తిచేత బడి పంతులు. ఆయన శిక్షణలో భారత జట్టు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందెను. 1962లో జకార్తాలో ఏషియా క్రీడల బంగారు పతకము గెలిచెను. మరుసటి యేటనే ఆయన క్యాన్సరుతో మరణించెను. రానురాను నగరములో ఆ ఆట వెనుకబడెను.

2019లో ఇండియన్ సూపర్ లీగు పోటీలలో పుణె జట్టు స్థానమున హైదరాబాదు ఎఫ్‌సీ అను క్రొత్త జట్టు వచ్చెను. మొదటి యేట ఆడిన 18 ఆటలలో రెండు మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచెను. తరువాత కరోనా వ్యాధి వచ్చెను. రెండేండ్లు ఆటలన్నియు గోవాలోనే జరిగెను గనుక, గచ్చిబౌలి మైదానములో కూర్చుండి తమ జట్టును చూచు భాగ్యము నగరవాసులకు లేకపోయెను. అయినను మనోలో మార్కెజ్ అను స్పెయిను దేశపు శిక్షకుని క్రింద ఆ జట్టు బలపడెను. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఆఖరి ఆట జరిగెను. మెట్లమీద ఎటు చూచినను కేరళ జట్టువారి పసుపు చొక్కాలే. ఆట 1-1తో సమమై పెనాల్టీల వరకు పోయెను. గోలు కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు బంతులు ఆపెను. హైదరాబాదు విజేతయయ్యెను. ఆ వారము ‘మన జట్టు’ అనని నోరు అరుదు.

ఇక తరువాతి సంగతి వినుడి. రెండేండ్లు గడువకముందే జట్టుకు డబ్బు ఇబ్బంది కలిగెను. జీతములు సరిగా అందక ఆటగాండ్రు ఒక్కొక్కరుగా విడిచిపోయిరి. విదేశీ ఆటగాండ్రును పోయిరి. 2023-24 పోటీలలో తంగ్‌బోయ్ సింగ్టో అను శిక్షకుడు మిగిలిన కుర్రవాండ్రతోనే జట్టును నడిపెను. 22 ఆటలలో ఒక్కటే గెలుపు. కప్పు గెలిచిన రెండేండ్లకే జట్టు మరల అట్టడుగునకు చేరెను. 2025లో ఆ జట్టు హైదరాబాదును విడిచి ఢిల్లీకి పోయి పేరు మార్చుకొనెను.

ఆ జట్టుకు డెక్కన్ లీజియన్ అను అభిమానుల సంఘము ఉండెను. అట్టివారి స్థితిని ఆలోచించుడి. కప్పు గెలిచిన ఆట వారి నగరములో జరుగలేదు. 2023-24 పోటీలు మొదలైన తరువాత వారు ఎక్కువగా చూచినది ఓటమి. చివరకు జట్టే లేకపోయెను. ఇట్టివారు ‘మనము ఓడితిమి’ అని చెప్పగలరు. ఆ మాట చెప్పుటకు వెల చెల్లించినవారు వారు.

3. నారింజ చొక్కాలు, కబడ్డీ గీత

ఫుట్‌బాలు మన పల్లెలలో కొందరికే తెలియును. క్రికెటు అందరికిని తెలియును. 2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు డెక్కన్ ఛార్జర్స్ ఎనిమిది జట్లలో ఎనిమిదవది. మరుసటి యేడు, 2009లో, దక్షిణ ఆఫ్రికాలో జరిగిన పోటీలలో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వమున అదే జట్టు బెంగుళూరును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచెను. 2012లో ఆ జట్టు రద్దయ్యెను. దాని పేరు నేటి కుర్రవాండ్రలో అనేకులు ఎరుగరు.

2013లో సన్‌రైజర్స్ వచ్చెను. 2016లో డేవిడ్ వార్నర్ నాయకత్వమున కప్పు గెలిచెను. 2021లో 14 ఆటలలో మూడే గెలిచి చివర నిలిచెను. 2023లో పది జట్లలో పదవది. 2024లో ఒకే ఆటలో 277 పరుగులు, మరియొక ఆటలో 287 పరుగులు చేసి దేశమంతటిని ఆశ్చర్యపరచెను. ఆఖరి ఆటలో 113 పరుగులకే కుప్పకూలి కలకత్తా చేతిలో ఓడెను. 2023లో పెట్టె అడుగున పడిన నారింజ చొక్కాలు 2024 ఏప్రిలు నెలలో ఉతికి ఆరవేయబడినవని చెప్పుటకు పరిశోధన అక్కరలేదు.

2021లో జరిగిన ఒక సంగతి జ్ఞాపకముంచుకొనదగినది. కప్పు తెచ్చిన వార్నర్‌ను ఆ యేట నాయకత్వమునుండి తొలగించిరి. తరువాత ఆడు పదునొకండుగురిలో చోటును ఇయ్యలేదు. అతడు ప్రేక్షకుల మెట్లమీద కూర్చుండి తన జట్టు జెండాను ఊపుచు కనబడెను. మరుసటి యేటికి అతడు వేరొక జట్టునకు పోయెను. డబ్బు కొరకు ఆడు ఆటలో అది సహజము. అయినను తన్ను ప్రక్కకు నెట్టిన దినమున చేతిలో ఏ జెండా ఉండెనో జనులు చూచిరి.

కబడ్డీ మన నేల ఆట. ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ 2021-22లో 22 ఆటలలో ఒకటి గెలిచెను. మరుసటి పోటీలో 22లో రెండు. ఆ మరుసటి పోటీలోను 22లో రెండే. మూడుమార్లు వరుసగా అడుగుస్థానము! తరువాత ఆ జట్టు కోలుకొని 2025లో ఫైనలుకు ముందరి ఆట వరకు వచ్చెను. ఆ మూడు పోటీలలోను రాత్రులు కూర్చుండి చూచినవానికిని, 2025లో గెలుపులు మొదలైన తరువాత వచ్చినవానికిని తెరమీద కనబడిన ఆట ఒక్కటే. కాని సంతోషము ఒక్కటి కాదు. కలుపు తీసినవానికి కల్లము మీద కలుగు సంతోషము వేరు. కల్లమునాడు వచ్చి గింజలు చూచి మెచ్చుకొనువాని సంతోషము వేరు.

4. దూరదేశపు రెండు పట్టణములు

మనకు కలిగినట్టి నష్టము ఇతరులకును కలిగెను. అమెరికాలో ఫుట్‌బాలు అనునది మన ఫుట్‌బాలు కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతపట్టుకొని ఎదుటివారిని త్రోసికొని పోవు ఆట. క్లీవ్‌లాండ్ నగరమున బ్రౌన్స్ అను పాత జట్టు ఉండెను. 1995లో దాని యజమాని జట్టును బాల్టిమోర్ నగరమునకు తీసికొనిపోవుచున్నానని ప్రకటించెను. క్లీవ్‌లాండ్ ప్రజలు ఊరకుండలేదు. నగరము న్యాయస్థానమునకు పోయెను. ఆటగాండ్రు పోయిరి గాని జట్టు పేరు, రంగులు, చరిత్ర నగరమునకే మిగిలెను. మూడేండ్లు మైదానములో ఆట లేదు. 1999లో ఆ పేరుతోనే క్రొత్త జట్టు వచ్చెను.

అట్లు కష్టపడి తెచ్చుకొన్న జట్టు ఏమి చేసెను? 2017లో ఆడిన 16 ఆటలును ఓడెను. 2018 జనవరిలో, ఎముకలు కొరుకు చలిలో, వేలమంది అభిమానులు మైదానము చుట్టు ఊరేగిరి. అది తమ్మును తాము పరిహసించుకొను ఊరేగింపు. ఆ సందర్భమున బీదల ఆహార నిధికి చందాలును పోగుచేసిరి. ఓడినవారు ‘మనము’ అని చెప్పుకొనుచు వీధిలో నడచుట లోకములో తరచుగా చూచు దృశ్యము కాదు.

రెండవది గ్రీన్ బే. లక్షకు కొంచెము ఎక్కువ జనము గల చిన్న పట్టణము. అక్కడి పాకర్స్ జట్టుకు ధనికుడైన యజమాని లేడు. 1923 నుండి ప్రజలే దానిలో వాటాలు కొనిరి. నేడు వాటాదారులు ఐదు లక్షలకు పైగా ఉన్నారు. ఆ వాటాకు లాభము పంచరు. దానిని అమ్ముకొని సొమ్ము చేసికొనుటయు లేదు. జట్టును ఊరు దాటించుటకు ఎవరికిని వీలు లేదు. పెద్ద నగరముల జట్లు చోట్లు మారినను ఆ చిన్న ఊరి జట్టు మారలేదు. ‘మన’ అను మాటకు అక్కడివారు తమ చేతి డబ్బు జతచేసిరి.

5. దావీదు వెంట ఎవరు?

ఇప్పుడు మన పాఠ్యభాగమునకు వత్తము. అబ్షాలోము తండ్రిమీద తిరుగబడెను. జనుల హృదయములు అతనివైపు తిరిగెను. దావీదు రాజు చెప్పులులేని కాళ్లతో ఏడ్చుచు ఒలీవల కొండ ఎక్కెను. రాజు గెలుచునో ఓడునో తెలియని ఆ దినములలో కొందరు మనుష్యులను గమనించుడి.

అహీతోపెలు: రాజునకు చిరకాలపు ఆలోచనకర్త. రాజు ఎత్తైన స్థితిలో ఉన్న దినములన్నియు ప్రక్కనే ఉండెను. గాలి మారగానే అబ్షాలోము దగ్గరకు పోయెను (15:12, 16:23).

ఇత్తయి: గాతు ఊరివాడు, పరదేశి. ఈ మధ్యనే వచ్చినవాడు. ‘నీవు తిరిగి పొమ్ము, నీకు ఈ కష్టమెందుకు’ అని రాజే చెప్పెను. చావైనను బ్రదుకైనను రాజున్న చోటనే ఉందునని అతడు ఒట్టు పెట్టుకొని, తన మనుష్యులతోను పిల్లలతోను కిద్రోను వాగు దాటెను (15:19-23).

షిమీ: పారిపోవుచున్న రాజుమీద రాళ్లు రువ్వి శపించినవాడు (16:5-8). రాజు జయించి తిరిగి వచ్చినప్పుడు యొర్దాను దగ్గరకు ముందుగా పరుగెత్తుకొని వచ్చినవారిలో ఇతడున్నాడు. ఒంటరిగా కాక వెయ్యిమందితో వచ్చెను (19:16-20).

బర్జిల్లయి: ఎనుబదియేండ్ల ముసలివాడు. రాజు అరణ్యములో ఆకలిగొని అలసియున్నప్పుడు ఇతడును మరి ఇద్దరును పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, చిక్కుడు గింజలు, పప్పులు, తేనె, వెన్న తెచ్చిపెట్టిరి (17:27-29). రాజు గెలిచిన తరువాత అతనిని యెరూషలేమునకు వచ్చి తన యింట భోజనము చేయుమని పిలిచెను. అతడు యొర్దాను వరకు రాజును సాగనంపి, తనకు ముసలితనము వచ్చినదని, తన తలిదండ్రుల సమాధియున్న ఊరిలోనే చనిపోనిమ్మని కోరి వెనుకకు మరలెను (19:31-39). ఓటమిలో భాగము తీసికొనినవాడు గెలుపులో భాగము అడుగలేదు.

ఈ వృత్తాంతము ముగింపు మరియు విచిత్రము. రాజు తిరిగి వచ్చునప్పుడు యూదావారును ఇశ్రాయేలువారును రాజు ఎవరివాడని జగడమాడిరి. ఇశ్రాయేలువారు తమకు రాజునందు పది భాగములున్నవని వాదించిరి (19:41-43). మరుసటి అధ్యాయము మొదటి రెండు వచనములలో షెబ అను ఒకడు బూర ఊదగా, దావీదునందు తమకు భాగమే లేదని అదే జనము వెళ్లిపోయెను. పది భాగములు ఒక్క బూరతో సున్న అయ్యెను. పైన మనము చూచిన విద్యార్థుల నోట ‘మనము’ ‘వారు’ అయినట్లే యున్నది గదా!

6. మూడు సందేహములు

మొదటిది: క్రొత్తగా వచ్చినవాడు తక్కువవాడా? అభిమానులలో ‘నేను మొదటినుండి ఉన్నాను, నీవు నిన్న వచ్చితివి’ అను గర్వము కలదు. సంఘములలోను కలదు. ఇత్తయి నిన్న వచ్చినవాడు. అహీతోపెలు మొదటినుండి ఉన్నవాడు. 2022లో కప్పు చూచి హైదరాబాదు జట్టులో చేరిన కుర్రవాడు 2024లో ఒక్క గెలుపు మాత్రమే గల యేట కూడ మెట్లమీద కూర్చుండిన యెడల అతడు ఆ జట్టువాడే. ఎప్పుడు వచ్చెనని కాక, ఓడినప్పుడు ఉండెనా అని అడుగవలెను. అంతియే గాక, గెలుపును చూచి వచ్చిన వానికి చోటియ్యని జట్టుకు నిలుచువారును దొరకరు. నిలిచినవారిలో అనేకులు మొదట గెలుపును చూచి వచ్చినవారే.

రెండవది: నమ్మకముగా నుండుట అనగా తప్పును చూడకుండుటయా? కాదు. దావీదు తనకొరకు పోరాడినవారిని మరచి గదిలో ఏడ్చుచుండగా యోవాబు లోపలికి పోయి గట్టిగా మందలించెను (19:5-8). యోవాబు అన్నిటిలో మాదిరి కాడు గాని ఆ మాట ఆ దినమున అవసరమైనది. ఆటగాండ్ర జీతములు ఏమైనవని అడుగు అభిమాని జట్టుకు శత్రువు కాడు. విడిచిపోవువాడు అడుగడు, ఉండువాడే అడుగును.

మూడవది: ఏ జట్టునైనను ఎన్నటికిని విడువకూడదా? ఆట ఆటయే. దానికొరకు చదువు చెడగొట్టుకొనుటయు, ప్రక్క ఇంటివానితో కొట్లాడుటయు నమ్మకత్వము కాదు. ఫోనులో పందెములు కాయుట మరింత చెడ్డది. తెలంగాణ ప్రభుత్వము 2017లోనే డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను చట్టముచే నిషేధించెను. పందెగానికి జట్టు లేదు. ఏది గెలుచునో అదే అతని జట్టు, మరుసటి బంతికి అదియు మారును. అట్టివాని వలన అప్పులపాలైన ఇండ్లు మన ప్రాంతములోను కలవు. తలిదండ్రులు ఈ సంగతి పిల్లలతో కోపపడక, దాచక, మాటలాడవలెను.

ఇంకొక మాట. తిరిగి వచ్చిన షిమీని చంపవలెనని కొందరనగా, ఆ దినమున దావీదు ఒప్పుకొనలేదు (19:21-23). ఓడినప్పుడు పోయి గెలిచినప్పుడు తిరిగి వచ్చినవానిని ఎగతాళి చేయుట సులభము. ఈసారి అతడు నిలుచునేమో చూచుట మేలు.

7. మన గ్రామములలో ‘మన’ అను మాట

జట్టు ఓడినందున ఎవరి పొయ్యియు ఆరిపోదు. అయినను అల్పమైన దానిలో అలవడిన గుణమే గొప్పదానిలో బయలుపడునని ప్రభువు నేర్పెను (లూకా 16:10). గెలుపును చూచి ‘మన’ అనుటకు అలవాటుపడిన నాలుక ఇంటిలోను వీధిలోను అట్లే పలుకును.

పిల్లవానికి ఉద్యోగము వచ్చిన యెడల ‘మన వాడకట్టు పిలగాడు’. ఇంటరు తప్పిన యెడల ‘ఫలానా వాని కొడుకు’. దుబాయి నుండి సామానుల పెట్టెలతో దిగినవాడు ‘మన బావ’. కంపెనీ మూతపడి ఖాళీ చేతులతో వచ్చినవాడు ‘ఏజెంటు చేతిలో మోసపోయినవాడు’. బోరులో నీళ్లు పడిననాడు చూడవచ్చినవారెందరు? నాలుగవ బోరును ఎండిపోయి అప్పు మాత్రము మిగిలిననాడు ఆ గడప త్రొక్కినవారెందరు? మన సిద్దిపేట ప్రాంతపు రైతు కుటుంబములకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఆ యింటివారు మనుష్యులను లెక్కపెట్టుచు కూర్చుందురు. ఎవరు రాలేదో వారికి బాగుగా తెలియును.

బర్జిల్లయి ఆ దినమున దావీదునకు ఉపన్యాసము చేసినట్లు వ్రాయబడలేదు. పరుపులు, గిన్నెలు, పప్పులు తెచ్చెను. ఓడిన ఇంటికి పోవునప్పుడు మనకు మాటలు దొరకవు. దొరకవలసిన అవసరమును లేదు. సంచిలో రెండు కిలోల బియ్యము, కొంచెము పప్పు ఉండిన చాలును. కాసేపు అరుగు మీద కూర్చుండి రావలెను. మరుసటి వారము మరల పోవలెను. మొదటిసారి పోయినవారు కొందరుందురు. రెండవసారి పోయినవారిని ఆ యిల్లు తన వారిగా ఎంచును.

కావున రాబోవు నెలలో ప్రతి గృహ ప్రార్థన కూటము ఒక ఇంటిని ఎన్నుకొనవలెనని కోరుచున్నాను. ఆ యిల్లు మన సంఘమునకు చెందినదా కాదా అని చూడవద్దు. ఈ యేడు ఓడిన ఇల్లు అయిన చాలును. యౌవనస్థులు ముందు నడువవలెను. ఓడు జట్టు ఆటను చివరి బంతి వరకు కూర్చుండి చూచు ఓర్పు వారికి ఇప్పటికే కలదు.

చర్చించుటకు ప్రశ్నలు

1. అహీతోపెలు, ఇత్తయి, షిమీ, బర్జిల్లయి: ఈ నలుగురిలో ఒక్కొక్కడు దావీదునొద్ద ఏమి ఆశించెనని మీకు తోచుచున్నది?
2. ‘నేను మొదటినుండి ఉన్నాను’ అను మాట మన కూటములలో ఎవరి నోట, ఎట్టి సమయమున వినబడుచున్నది? దాని వలన క్రొత్తవారికి ఏమి కలుగుచున్నది?
3. తప్పును ఎత్తి చూపుచునే విడిచిపోకుండ ఉండుట ఎట్లు? మీ గ్రామములో ఒక ఉదాహరణ చెప్పుడి.
4. ఫోను పందెములను గూర్చి మీ యింటి పిల్లలతో ఎప్పుడైన మాటలాడితిరా? వారేమనిరి?
5. గడచిన సంవత్సరములో మీరు ‘మన’ అనవలసినచోట ‘వారు’ అని పలికిన ఇల్లు ఏది? (ఈ ప్రశ్నకు జవాబు పైకి చెప్పనక్కరలేదు.)